బొమ్మ ఒకటే, అచ్చు వేరు: తొలినాటి అమెరికా అర డాలర్లలో డై రకాల సేకరణ

1815 అని ముద్రించిన అమెరికా వెండి అర డాలరు ఎవరి దగ్గర ఉన్నా ఒకసారి భూతద్దం కింద పెట్టి చూడండి. చివరి 5 కింద ఇంకో అంకె ఆనవాలు కనిపిస్తుంది. అది 2. అంతకుముందు 1812 అని కొట్టిన డైలోనే, అంటే నాణెం ముద్రించే ఉక్కు అచ్చులోనే, చివరి అంకెను మార్చి వాడారు. ఆ సంవత్సరం పేరుతో వచ్చిన 47,150 అర డాలర్లకు మనకు తెలిసిన డై జత ఒక్కటే. అదే నాణేన్ని 1827కు వచ్చి చూస్తే నలభైకి పైగా డై జతలు ఉన్నాయి. సంవత్సరానికో నాణెం చొప్పున పోగుచేసేవారికి 1815, 1827 రెండూ చెరో గడి. డై రకాలు సేకరించేవారికి మొదటిది ఒక్క నాణెంతో తీరిపోతుంది, రెండోది ఏళ్ల తరబడి వెతికిస్తుంది.

ఈ మార్గదర్శి ఆ వెతుకులాట మొదలుపెట్టాలనుకునేవారి కోసం. నా దృష్టిలో నాణేల సేకరణలో ఇంతకంటే తృప్తినిచ్చే విభాగం లేదు. డబ్బు కంటే చూపుకు ఎక్కువ ఫలితం దక్కేది ఇక్కడే.

మొదట: డై ఎలా తయారయ్యేదో తెలుసుకోండి

1792 ఏప్రిల్ 2న చేసిన చట్టంతో ఫిలడెల్ఫియాలో టంకశాల ఏర్పడింది. చలామణి కోసం వెండి డాలర్లు, అర డాలర్లు 1794 నుంచి వచ్చాయి. నాణేనికి రెండు వైపులు కాబట్టి రెండు ఉక్కు డైలు కావాలి, ఒకటి బొమ్మకు, ఒకటి బొరుసుకు. స్వేచ్ఛాదేవి తలను, గద్దను ముందే సిద్ధం చేసిన ఉబ్బెత్తు అచ్చుతో డైలోకి దించేవారు. మిగిలినదంతా చేతిపనే. పదమూడు నక్షత్రాలు, తేదీలోని నాలుగు అంకెలు, అక్షరాలు ఒక్కొక్కటీ విడివిడి పంచ్‌తో, సుత్తి దెబ్బతో, అద్దంలో కనిపించేలా తిరగేసి కొట్టాలి. ఒకే ముగ్గును ఒకే చేయి రెండు రోజులు వేసినా చుక్కల మధ్య దూరం కాస్త మారుతుంది కదా, ఇక్కడా అంతే. ఒక డైలో నక్షత్రం గడ్డానికి దగ్గరగా పడుతుంది, మరో డైలో జరిగిపోతుంది. ఒకచోట 1 అంకె నిటారుగా ఉంటుంది, మరోచోట ఒరిగి ఉంటుంది.

డై పగిలితే దాన్ని పక్కన పెట్టి, మిగిలిన రెండోదాన్ని మరో డైతో జతచేసి పని కొనసాగించేవారు. మనం సేకరించేది ఈ జతలనే. ఒక బొమ్మ డై, ఒక బొరుసు డై కలిస్తే ఒక రకం. బొరుసు మీద తేదీ ఉండదు కాబట్టి బాగున్న బొరుసు డైని మరుసటి సంవత్సరానికీ వాడుకునేవారు. అందుకే రెండు వేర్వేరు తేదీల నాణేలకు వెనక వైపు అచ్చంగా ఒకే డై ఉండటం ఇక్కడ మామూలు విషయం.

ఉక్కు విలువైనది, డై తయారీ శ్రమతో కూడినది. కాబట్టి పొరపాటు జరిగినా డైని పారేయకుండా సరిదిద్ది వాడేవారు. 1807లో ఒక బొరుసు డై మీద విలువ చెక్కేటప్పుడు 50 బదులు 20 పడింది. ఆ 2 మీదనే 5 కొట్టారు. 1813లో ఒక డైని పనివాడు తలకిందులుగా పట్టుకుని దేశం పేరులోని మొదటి మూడు అక్షరాలు, యూ ఎన్ ఐ, కొట్టేశాడు. తర్వాత డైని సరిగ్గా తిప్పి ఆ చోటులోనే 50 సి (50 సెంట్లు) అని ముద్రించాడు. ఇప్పటికీ విలువ కింద ఆ అక్షరాల మొనలు తలకిందులుగా పొడుచుకొచ్చి కనిపిస్తాయి. 1814లో స్టేట్స్ అనే మాటలో E అక్షరం ఉండాల్సిన చోట ముందు A పడింది. 1836లో ఒక డై మీద తేదీ 1336గా పడి, ఆ మొదటి 3 మీద 8 వచ్చి కూర్చుంది. ఇన్నేళ్ల తర్వాత ఒక పనివాడి చేతి తడబాటును లోహంలో స్పష్టంగా చూడగలగడం నాకు ఎప్పటికీ ఆశ్చర్యమే.

ఏ నాణెంతో మొదలుపెట్టాలి

తొలినాటి వెండిలో హాఫ్ డైము (5 సెంట్లు), డైము (10 సెంట్లు), క్వార్టరు (25 సెంట్లు), అర డాలరు, డాలరు అని ఐదు విలువలున్నాయి. ప్రతిదానికీ సేకరణదారులు వాడే అంకెల పద్ధతి వేరు. క్వార్టర్లకు బ్రౌనింగ్ అంకెలు, డైములకు టంకశాల చెక్కుడు పనివాడు జాన్ రైక్ పేరుతో జేఆర్ అంకెలు, హాఫ్ డైములకు లోగన్, మెక్‌క్లాస్కీల పేర్లతో ఎల్‌ఎమ్ అంకెలు, డాలర్లకు బోలెండర్ అంకెలు, తర్వాత వచ్చిన బీబీ (బోవర్స్, బోర్కార్ట్) అంకెలు. అర డాలర్లకు ఆల్ ఓవర్టన్ అనే పరిశోధకుడి పేరుతో ఓవర్టన్ అంకెలు.

నా సలహా సూటిగా చెబుతాను. 1807 నుంచి 1836 వరకు వచ్చిన, టోపీ పెట్టుకున్న స్వేచ్ఛాదేవి ఉన్న అర డాలరుతోనే మొదలుపెట్టండి. సేకరణదారులు దీన్ని క్యాప్డ్ బస్ట్ హాఫ్ అంటారు. దీనికి ఒక చారిత్రక కారణం ఉంది. 1804 తర్వాత మూడు దశాబ్దాలు వెండి డాలర్ల ముద్రణ ఆగిపోయింది. దాంతో అర డాలరే దేశంలోని అతిపెద్ద వెండి నాణెం అయింది. బ్యాంకులు వీటిని సంచుల్లో నిల్వ ఉంచి, ఒక బ్యాంకు నుంచి ఇంకో బ్యాంకుకు మార్చుకునేవి. చేతులు మారింది తక్కువ, అరిగింది తక్కువ. అందువల్ల నేటికీ ఇవి పెద్ద సంఖ్యలో, మంచి స్థితిలో దొరుకుతున్నాయి. సుమారు 450 డై జతలు ఉన్నా, అరుదైన సంవత్సరాలు కానివాటిని మధ్యరకం స్థితిలో కొన్ని వందల డాలర్లలోపే కొనుక్కోవచ్చు. నాణెం 32.5 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది కాబట్టి కంటికి శ్రమ కూడా తక్కువ.

1794-95 నాటి విరబోసిన జుట్టు నాణేలు, 1796-97 నాటి చిన్న గద్ద నాణేలు అందమైనవే, కానీ మొదటి నాణెంగా వాటిమీద డబ్బు పోయడం తొందరపాటు. డాలర్లదీ అదే సంగతి. చిన్న నాణేలే ఇష్టమైతే 1829-1837 మధ్య వచ్చిన హాఫ్ డైములు మంచి ప్రత్యామ్నాయం. అయితే 15.5 మిల్లీమీటర్ల నాణెం మీద నక్షత్రాల దూరాలు చూడాలంటే బలమైన భూతద్దం, అంతకుమించి ఓపిక కావాలి.

సరంజామా

కావలసింది కొంచెమే. ఐదు నుంచి పది రెట్లు పెద్దగా చూపే మంచి భూతద్దం. దీపం తల తిప్పితే కాంతి కోణం మారేలా ఉండే బల్ల దీపం. గ్రాములో వందో వంతు చూపే చిన్న తూకం. నాణెం జారిపడినా దెబ్బతినకుండా బల్ల మీద పరచడానికి మెత్తటి గుడ్డ.

వీటికంటే ముందు ఓవర్టన్ అంకెల పుస్తకం కొనండి. నాణెం కంటే ముందు పుస్తకం అన్న మాట ఈ రంగంలో అందరూ చెబుతారు, పాటించేవారు తక్కువ. పుస్తకం అందేలోగా, నాణేలను పరీక్షించి స్థితి నిర్ణయించే పీసీజీఎస్ సంస్థ కాయిన్‌ఫ్యాక్ట్స్ వెబ్ పేజీల్లో ఓవర్టన్ అంకెలతో పెద్ద ఫొటోలు ఉచితంగా చూడవచ్చు. హెరిటేజ్, స్టాక్స్ బోవర్స్ వంటి వేలం సంస్థల పాత అమ్మకాల చిత్రాలు కూడా గొప్ప గ్రంథాలయమే. భారతదేశంలో ఉండి ఈ విషయం మీద మనసు పడ్డవారు నాణెం చేతికి రాకముందే ఈ ఫొటోలతో సగం విద్య నేర్చుకోవచ్చు.

నాణేన్ని గుర్తించే పద్ధతి

నాణేన్ని ఎప్పుడూ అంచులతోనే పట్టుకోండి, వేలిముద్ర వెండి మీద మచ్చగా మిగిలిపోతుంది. దీపాన్ని ఒక పక్కన పెట్టి, నాణేన్ని మెల్లగా తిప్పుతూ చూడండి. నేరుగా పడే కాంతిలో కనిపించని అడుగు అంకె, పక్కనుంచి పడే కాంతిలో నీడతో సహా తేలుతుంది.

తేదీతో మొదలుపెట్టాలి. ఓవర్టన్ పద్ధతిలో ప్రతి సంవత్సరం అంకెలు 101 నుంచే మొదలవుతాయి, కాబట్టి సంవత్సరం చెప్పకుండా ఓ-105 (ఓ అంటే ఓవర్టన్) అంటే అర్థం లేదు. తేదీలో అంకెల పరిమాణం, వాటి మధ్య ఖాళీ, అడుగున మరో అంకె జాడ చూడండి. 1811లో 10 మీద 11, 1817లో 13 మీద 17, 1824లో 21 మీద 24, 1827లో 26 మీద 27 ఇలా చాలా ఉన్నాయి. 1823లో 3 అంకె ఒక్కటే విరిగిన 3, అతికిన 3, వికారమైన 3 అని మూడు పేర్లు తెచ్చుకుంది.

తర్వాత బొమ్మ వైపు నక్షత్రాలు. ఎడమన ఏడు, కుడిన ఆరు. ఎడమ కింద నుంచి లెక్కించాలి. మొదటి నక్షత్రానికి, బొమ్మ భుజానికి మధ్య ఎంత ఖాళీ ఉంది? ఏడో నక్షత్రం టోపీకి ఎంత దగ్గర? పదమూడో నక్షత్రం కురులకు ఎంత దూరం? నక్షత్రం మొన అంచు చుట్టూ ఉన్న పళ్లలో ఒకదాని మీదికి చూస్తోందా, రెండు పళ్ల మధ్య ఖాళీలోకి చూస్తోందా? ఈ చివరి ప్రశ్నే చాలాసార్లు తగువు తీరుస్తుంది. పదమూడో నక్షత్రం దగ్గరకు వచ్చినప్పుడు 1807-1817 మధ్య నాణేల్లో ఒక మొన మీద చిన్న గాటు ఉందేమో చూడండి. ఈ నాణేన్ని రూపొందించిన జర్మనీ చెక్కుడు పనివాడు జాన్ రైక్ తన గుర్తుగా పెట్టుకున్నదని సేకరణదారులు నమ్ముతారు. ఆయన 1807లో టంకశాలలో చేరి 1817లో వదిలి వెళ్లారు. గాటు కూడా ఆయనతోనే పోయింది.

బొరుసు వైపు మొదట చూడాల్సింది ఒకే ఒక చోటు. గద్ద తల మీద పట్టీలో E PLURIBUS UNUM (ఈ ప్లూరిబస్ యూనమ్) అనే లాటిన్ నినాదం ఉంటుంది. ప్లూరిబస్‌లోని ఐ అక్షరం నుంచి పైకి ఒక గీత ఊహించండి. అది పైన ఉన్న స్టేట్స్ మాటలోని మొదటి టీ అక్షరానికి ఎక్కడ తగులుతోంది? సరిగ్గా నడుమనా, ఎడమ అంచునా, కుడి అంచునా? ఈ ఒక్క కొలతతోనే ఆ సంవత్సరం బొరుసు డైలలో ఎక్కువ భాగాన్ని పక్కన పెట్టేయవచ్చు. మిగిలినవాటిని 50 సి లోని అంకెల మధ్య ఎడంతో, డాలు మీద అడ్డగీతలు రెక్కలోకి ఎంత దూరం పొడుచుకువచ్చాయో చూసి విడదీయవచ్చు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. 1807 అర డాలరు మీ ముందు ఉంది. స్వేచ్ఛాదేవి కుడివైపు చూస్తుంటే అది పాత రూపం, ఎడమవైపు చూస్తుంటే రైక్ చేసిన కొత్త రూపం. ఆ ఏడాది రెండూ వచ్చాయి. ఎడమవైపు చూస్తోందనుకుందాం. నక్షత్రాలు పెద్దవి. తిప్పి 50లోని 5 దగ్గర భూతద్దం నిలిపితే దాని వంపుల మధ్య 2 కనిపిస్తోంది. అప్పుడది ఓ-112 కావచ్చు. అక్కడితో ఆగకండి. బొమ్మ వైపు నక్షత్రాలను, బొరుసు మీద ఐ-టీ వరుసను కూడా పుస్తకంతో పోల్చి నిర్ధారించుకోండి. ఒక్క గుర్తుతో పేరు పెట్టడం వల్లే అమ్మకాల్లో తప్పుడు పేర్లు తిరుగుతుంటాయి. రెండు వైపులా కనీసం రెండేసి గుర్తులు సరిపోతేనే రాసుకోండి.

డై వయసు

ఒకే జత డైలతో కొట్టిన నాణేలు కూడా మొదటి రోజు ఉన్నట్టు చివరి రోజు ఉండవు. డైకి పగులు వస్తుంది. పగులులోకి వెండి దూరి, నాణెం మీద సన్నని ఉబ్బుగీతగా మిగులుతుంది. తర్వాత గీసుకుపోయిన గీత అయితే లోపలికి దిగుతుంది, డై పగులు పైకి లేస్తుంది. ఈ తేడా మొదటే కంటికి అలవాటు చేసుకోవాలి. మధ్యలో లోహపు బిళ్ల పెట్టకుండా ప్రెస్సు పడితే రెండు డైలు ఒకదాన్నొకటి కొట్టుకుని, గద్ద రెక్క నీడ స్వేచ్ఛాదేవి ముఖం పక్కన పడుతుంది. ఆ మచ్చ పోగొట్టడానికి డైని సానపడితే సన్నని గీతలు చెరిగిపోతాయి.

ఓవర్టన్ పద్ధతిలో ఇలా బాగా మారిన దశలకు అంకె పక్కన ఏ, బి చేరుస్తారు. 1807లో ఓ-111బి అందుకు అందరికీ తెలిసిన ఉదాహరణ. చుబుకం దగ్గర పగుళ్ల వల్ల స్వేచ్ఛాదేవికి గడ్డం మొలిచినట్టు కనిపిస్తుంది, సేకరణదారులు గడ్డపు దేవి అని పిలుచుకుంటారు. పగుళ్ల వరుసను బట్టి ఏ జత ముందు పనిచేసింది, ఏది తర్వాత పనిచేసింది, ఒకసారి విడిపోయిన జత మళ్లీ ఎప్పుడు కలిసింది అనేదంతా రాబట్టవచ్చు. టంకశాల దస్త్రాల్లో లేని క్రమాన్ని నాణేలే చెబుతాయి. ఈ విద్యలో నాకు అన్నింటికంటే ఇష్టమైన భాగం ఇదే.

అరుదు వేరు, ధర వేరు

అరుదును ఆర్-1 నుంచి ఆర్-8 వరకు కొలుస్తారు. ఆర్-1 అంటే వెయ్యికి పైగా మిగిలినవి. ఆర్-3 అంటే 201 నుంచి 500. ఆర్-5 అంటే 31 నుంచి సుమారు 75-80. ఆర్-6 అంటే 13 నుంచి 30. ఆర్-7 అంటే 4 నుంచి 12. ఆర్-8 అంటే మూడు లేదా అంతకంటే తక్కువ. ఆర్-1 నుంచి ఆర్-3 వరకు ఉన్న రకాలకు మామూలు నాణెం ధరే. కాబట్టి అమ్మేవాడు అరుదైన రకమని చెప్పి ఆర్-3కి ఎక్కువ అడిగితే నవ్వి ముందుకు సాగండి. ఆర్-5 నుంచి ధర పెరగడం మొదలవుతుంది. 14 మీద 17 ఉన్న 1817 నాణెం ఈ వరుసలో అత్యంత ప్రసిద్ధమైన అరుదు, తెలిసినవి పన్నెండు ప్రాంతంలోనే.

అసలు అవకాశం పేరు పెట్టని నాణేల్లో ఉంది. చాలా దుకాణాలు సంవత్సరం, స్థితి చూసి ధర కడతాయి, రకం చూడవు. మామూలు ధర చీటీతో కూర్చున్న ఆర్-5ను గుర్తించి తీసుకోవడం ఇక్కడ జూదం కాదు, చదువుకు దక్కే ప్రతిఫలం. అయితే దీనికోసం పుస్తకమంతా బట్టీ పట్టనక్కర్లేదు. ఆర్-5, అంతకుమించిన రకాల జాబితా ఒకటి రాసుకుని, ప్రతిదానికీ ఒక తేలిక గుర్తు జేబులో పెట్టుకుంటే చాలు.

కొనేటప్పుడు

రకం చూడటానికి తళతళలాడే నాణెం అవసరం లేదు. వీఎఫ్ (వెరీ ఫైన్), ఎక్స్‌ఎఫ్ (ఎక్స్‌ట్రీమ్లీ ఫైన్) అనే కాస్త అరిగిన మంచి స్థితుల్లో నక్షత్రాలు, పళ్లు, పగుళ్లు అన్నీ స్పష్టంగా ఉంటాయి, ధర అందుబాటులో ఉంటుంది. వెతకాల్సింది సహజమైన పైపొర. అక్షరాల చుట్టూ కాస్త నలుపు చేరి, బొమ్మ, అక్షరాలు లేని ఖాళీ చోటు బూడిదరంగులో నిలిచిన నాణేన్ని అనుభవజ్ఞులు మెచ్చుకుంటారు. ఎప్పుడో ఎవరో తోమిన నాణెం మీద ఒకే దిక్కుకు సన్నని గీతలు వరుసగా పరుచుకుని ఉంటాయి, నక్షత్రాల మధ్య కూడా తెల్లగా మెరుస్తుంది. అలాంటిది చవకైనా వద్దు. 1807కు ముందున్న నాణేల మీద మాత్రం ఇంకో రకం గీతలు ఉంటాయి. బరువు ఎక్కువైన లోహపు బిళ్లను ముద్రణకు ముందే టంకశాలలో ఆకురాయితో రాసి సరిచేసేవారు. అవి బొమ్మ ఉబ్బుల కిందికి దూరినట్టు ఉంటాయి, తర్వాత పడ్డ గీతలైతే ఉబ్బుల మీదుగా పోతాయి.

నకిలీల సంగతి. అసలు అర డాలరు బరువు 13.48 గ్రాములు, వెయ్యికి 892.4 పాళ్లు వెండి. అరుగుదలకు కొంత తగ్గడం సహజం, కానీ పెద్దగా అరగని నాణెం 13 గ్రాములకు దిగువన ఉంటే పక్కన పెట్టండి. అంచు మీద యాభై సెంట్లు లేదా అర డాలరు అని అర్థమిచ్చే అక్షరాలు చెక్కి ఉంటాయి. ముద్రణకు ముందే బిళ్లను దొర్లించి వేసేవారు. కాబట్టి ఆ మాటలు నాణేనికి నాణేనికి వేర్వేరు చోట మొదలవుతాయి. 1836 చివర్లో కొత్త యంత్రాల మీద వచ్చిన గీతల అంచు అర డాలర్ల లెక్క వేరు. ఇవన్నీ దాటినా డై పరీక్ష ఉంది. అసలు నాణెం తెలిసిన డైలతో సరిపోవాలి. ఏ డైతోనూ కలవని, లేదా అసాధ్యమైన జతతో కనిపించిన నాణెం కొత్త ఆవిష్కరణ కావడం కంటే నకిలీ కావడానికే ఎక్కువ అవకాశం. ఆ కాలంలోనే దొంగలు తయారుచేసిన నకిలీలు కూడా ఉన్నాయి. వాటిని వేరే అభిరుచిగా సేకరించేవారూ ఉన్నారు, కాకపోతే అసలు ధరకు కొనకండి.

పీసీజీఎస్, అలాంటిదే మరో సంస్థ ఎన్‌జీసీ పరీక్షించి ముద్రవేసిన ప్లాస్టిక్ పెట్టెలోని నాణెం నకిలీ భయాన్ని చాలావరకు తీరుస్తుంది. కానీ అంచు సరిగా కనబడదు, పైన చీటీ మీద రకం రాసి ఉన్నా మీ కళ్లతో మళ్లీ సరిచూసుకోండి.

దాచడం, రాసిపెట్టడం

మెత్తగా వంగే పీవీసీ సంచుల్లో నాణేలు పెట్టకండి, కొన్నాళ్లకు పచ్చటి జిగురు పట్టి వెండిని తినేస్తుంది. గట్టి మైలార్ కవర్లు, గుండ్రటి ప్లాస్టిక్ డబ్బీలు మంచివి. తేమ ఎక్కువగా ఉన్న ఊళ్లలో నీటిని పీల్చే సిలికా పొట్లాలు పక్కన పెట్టండి.

ప్రతి నాణేనికీ సంవత్సరం, ఓవర్టన్ అంకె, డై దశ, బరువు, ఎక్కడ ఎంతకు కొన్నారు, ఏ గుర్తులతో నిర్ధారించారు అని రాసుకోండి. ఈ చివరిదే ముఖ్యం. రెండేళ్ల తర్వాత అనుమానం వస్తే నాణేన్ని మళ్లీ మొదటి నుంచి చూడనక్కర్లేదు. రెండు వైపులా ఒకే కాంతిలో ఫొటోలు తీసి అంకె పేరుతో దాచండి.

తోడు

ఈ విద్య ఒంటరిగా నేర్చుకుంటే నెమ్మదిగా వస్తుంది. జాన్ రైక్ కలెక్టర్స్ సొసైటీ తొలినాటి వెండి, బంగారు నాణేల డై రకాల కోసమే పనిచేస్తోంది, సొంత పత్రిక వెలువరిస్తుంది. అర డాలర్ల వీరాభిమానులు బస్ట్ హాఫ్ నట్ క్లబ్ అని ఒకటి పెట్టుకున్నారు. అందులో చేరాలంటే వంద వేర్వేరు రకాలు మీ సేకరణలో ఉండాలి. కొలరాడో స్ప్రింగ్స్‌లోని అమెరికన్ న్యూమిస్‌మాటిక్ అసోసియేషన్ సభ్యులకు గ్రంథాలయం నుంచి పుస్తకాలు అరువిస్తుంది. ఖరీదైన పుస్తకాలు కొనేముందు అక్కడ చదివి చూసుకోవచ్చు. అమెరికాలో ఉంటున్న తెలుగువారికి ఇంకో సౌకర్యం, చాలా నగరాల్లో స్థానిక నాణేల క్లబ్బులు ఉన్నాయి. నాణెం పట్టుకెళ్లి ఇది ఏ రకమండీ అని అడిగితే పక్కన కూర్చోబెట్టుకుని చూపించే పెద్దలు అక్కడ దొరుకుతారు.

మొదటి లక్ష్యంగా ఒక సంవత్సరాన్ని ఎంచుకోండి, 1827 వద్దు, అది పెద్ద అడవి. పది పదిహేను రకాలున్న సంవత్సరం ఒకటి తీసుకుని, దానిలో మామూలు ధరకు దొరికే ఐదింటిని కొని, మిగిలినవాటిని ఫొటోల్లో గుర్తించడం సాధన చేయండి. ఐ-టీ వరుస చూడగానే ఏ బొరుసో తట్టడం మొదలైతే రెండో సంవత్సరానికి వెళ్లవచ్చు.